గవర్నరు ఎన్నికకు వెళ్ళిన బస్సు

నిన్న మధ్యాహ్నం మా అమ్మాయి బడి గేటు ముందు కారు ఆపుకుని కూర్చున్నాను. దమ్మామ్ ఎండ సంగతి కొత్తగా చెప్పేదేముంది, ఏసీ ఎంత పెంచినా అద్దాల్లోంచి వేడి తోసుకొస్తూనే ఉంటుంది. పక్క సీట్లో మా నాయన. విజిట్ వీసా మీద వచ్చి నెల కావస్తోంది. ఇక్కడి మజ్జిగ, చల్లటి లబన్ సీసా ఒళ్ళో పెట్టుకుని, మనవరాలు వచ్చేదాకా మూత తీసేది లేదని కూర్చున్నాడు.

ఫోను మోగింది. బడి నుంచి సందేశం. తల్లిదండ్రుల కమిటీకి ఎన్నిక, తల్లి గానీ తండ్రి గానీ ఓటు వేయవచ్చు, కింద లింకు నొక్కండి. చివర ఇంకొక్క ముక్క ఉంది. మీరు ఎవరికి వేసిందీ ఎవరికీ తెలియదు.

ఆ ముక్క చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతేనా? ఇంత తేలిగ్గా, ఒక్క వాక్యంలో ఇచ్చేసే వస్తువేనా ఇది? మరి ఆ రోజు అభా కొండ మీద మాకెందుకు ఇవ్వలేదు? ఆపుకోలేక స్టీరింగు మీద ఒక్కటిచ్చాను. నాయన ఉలిక్కిపడ్డాడు.

"ఏమైంది పాపా?"

"ఏం లేదు నాయనా. బడిలో ఎలక్షను. ఓటెయ్యాల."

"అట్లనా? ఎవరికేస్తాండావు?" అంటూ మెడ చాచి నా ఫోనులోకి చూడబోయాడు.

నేను ఫోను అటు తిప్పుకుని, ఓటేసి, బోర్లించాను. ఆయనకేం జవాబిచ్చానో తర్వాత చెబుతాను. అభా సంగతి ముందు చెప్పకపోతే నా కోపం అర్థం కాదు, వయసైపోయిన తండ్రి మీద విసుక్కుంటోందని నన్నే తప్పుపడతారు.

సౌదీ అంటే ఇసుక, ఒంటెలు అనుకునేవాళ్ళకు అభా గురించి చెప్తే నమ్మరు. నా చిన్నప్పుడు మేమున్న ఆ అభా కొండ మీది ఊరు. కిటికీ తెరిస్తే మబ్బు ఇంట్లోకి వచ్చి మంచం మీద కూర్చునేది. ఉతికిన బట్టలు ఆరేవి కావు. కిరసనాయిలు హీటరు ముందు మా మేజోళ్ళూ నాయన బనియన్లూ వేలాడుతుండేవి. ఇల్లంతా ఆ కిరసనాయిలు వాసన, తడి ఉన్ని వాసన. అమ్మ అక్కడి సంతలో దొరికే జొన్నపిండి తెచ్చి సంగటి కెలికేది. అందులోకి పచ్చిమిరపకాయల ఊరిమిండి నూరితే, ఆ ఘాటు మెట్లు దిగి కింద చాచా కొట్టుదాకా పోయేది. చాచా కిందినుంచి కేకేసేవాడు. "చెల్లే, ఇయ్యాల నా గిరాకీలందరు తుమ్ముతున్నరు!"

చాచాది హైదరాబాదు. మా మేడ కింద బఖాలా నడిపేవాడు. బఖాలా అంటే చిల్లర కొట్టు. బ్రెడ్డు నుంచి బకెట్టుదాకా అన్నీ దొరికేవి. లోపల యాలకులూ ఎండు నిమ్మకాయలూ ఊదూ కలిసిన వాసన వచ్చేది. మేం ఆయన చూడకుండా ఖర్జూరాలు నోట్లో వేసుకునేవాళ్ళం. ఆయన చూసి కూడా చూడనట్టు ఉండేవాడు. ఆయనకందరూ ఆడపిల్లలే. పెద్దమ్మాయీ మా అక్కా ఒకే తరగతి, ఒకే బెంచీ.

మా బడి కొండ పైన ఒక అద్దె విల్లాలో ఉండేది. కింద మగపిల్లలు, పైన ఆడపిల్లలు. ప్రహరీ గోడ మీద కోతుల దండు కూర్చునేది. మన కోతులు కావవి. కుక్క మూతి, మెడ చుట్టూ జూలు, ఎర్రటి పిర్రలు. టిఫిను డబ్బా తెరిచి పెట్టి ఇటు తిరిగితే చాలు, చపాతీ మాయం. ఒకసారి మా లెక్కల టీచరమ్మ చేతిసంచీ ఎత్తుకుపోయి చెట్టెక్కి, అందులోని పౌడరు పూసుకుంది ఒక ముసలి కోతి. ఆ తర్వాత ఎన్నాళ్ళో ఆ కోతికి ఆ టీచరమ్మ పేరే.

ఇవన్నీ తలచుకుంటే నవ్వొస్తుంది. కానీ ఆ బడిలో మగపిల్లలకు పదోతరగతి దాకా ఉండేది, ఆడపిల్లలకు ఎనిమిదితో సరి. అది గుర్తొస్తే ఆ నవ్వు అక్కడే ఆగిపోతుంది.

ఎనిమిది అయిన ఆడపిల్లలు ఏమయ్యేవాళ్ళు? ఏమీ అయ్యేవాళ్ళు కాదు. ఊళ్ళో మనవాళ్ళకు ఇంకో బడి లేదు, ఇంట్లో ఉండేవాళ్ళు. మా ఎదురు మేడలో అలాంటి అమ్మాయి ఒకతె ఉండేది. మొదట్లో మా బడి బస్సు కదులుతుంటే కిటికీలోంచి చెయ్యి ఊపేది. కొన్నాళ్ళకు ఊపడం మానేసి ఊరికే చూసేది. ఇంకొన్నాళ్ళకు తెర వేసేసింది. అక్క బస్సులో కూర్చుని ఆ తెర వైపే చూసేది. అప్పుడు అక్క ఎనిమిదిలో ఉంది.

బడికి పెద్దగా ఒక ఛైర్మన్ ఉండేవాడు. ఆ బోర్డుకు ఇంగ్లీషులో గవర్నర్ల బోర్డని పేరు. అందుకే పిల్లా పెద్దా అందరూ ఆయన్ను గవర్నరనే అనేవాళ్ళు. నలుగురు పెద్దమనుషులు ఎవరింట్లోనో చాయ్ తాగుతూ నువ్వుండు అంటే నువ్వుండు అనుకుని తేల్చేసేవాళ్ళు. ఆ ఏడు మాత్రం పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకనుంచి గవర్నరును తల్లిదండ్రులే ఎన్నుకోవాలి. మొట్టమొదటి ఎన్నిక.

తల్లిదండ్రులంటే తండ్రులని అర్థం. ఎవరి ఇఖామా మీద పిల్లలుంటే వాళ్ళకే ఓటు. ఇఖామా అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, మా అందరి ప్రాణం దాంట్లోనే. అమ్మలకు ఓటు లేదు. పొద్దున లేచి టిఫిన్లు కట్టేదీ, హోంవర్కు చేయించేదీ, జ్వరం వస్తే సెలవు చీటీ రాసేదీ అమ్మలు. ఓటు మాత్రం, కొడుకు ఏ సెక్షనో అడిగితే తల గోక్కునే తండ్రులకు.

పోటీలో ఇద్దరు. ఒకాయన మా నాయన పనిచేసే కంపెనీ మేనేజరు. మన కోస్తా వైపు మనిషే. మాట ఎంత తీపో, చూపు అంత కరుకు. ఊళ్ళో సగం మంది తెలుగువాళ్ళూ మలయాళీలూ ఆ కంపెనీ వాళ్ళే. రెండో మనిషి మా బఖాలా చాచా.

చాచా చెప్పింది ఒకటే మాట. "నేను గెలిస్తే ఆడివిల్లలకు తొమ్మిదో క్లాసు తెరుస్త. అంతే. ఇంకోటి అడగకుండ్రి, నాకు రాదు."

ఊరికే చెప్పలేదు. బడి పక్క విల్లా యజమాని, ఒక ముసలి అరబ్బు, చాచా కొట్టులో రోజూ తేనె అమ్మకానికి పెట్టే మనిషి, పై అంతస్తు ఇస్తానని మాటిచ్చాడు. చెప్పడానికి ఆడ టీచర్లు లేరన్న సాకు కూడా చాచీ తీసి పారేసింది. చాచీ అంటే చాచా భార్య. మేడమేడకూ ఎక్కి దిగి ఆరా తీస్తే, అంట్లు తోముకుంటూ ఎంతమంది డిగ్రీలవాళ్ళున్నారో తేలింది. మా అమ్మ కడపలో లెక్కల్లో బీయస్సీ చదివి, బీయీడీ కూడా చేసింది. ఆ సర్టిఫికెట్లు మా ట్రంకు పెట్టె అడుగున, పట్టుచీర కింద ఉండేవి. చాచీ వచ్చి అడిగిన సాయంత్రం అమ్మ వాటిని తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ లోపల పెట్టలేదు. అలమరలో కనబడేట్టు నిలబెట్టింది.

మేనేజరుకు ఆడపిల్లల తొమ్మిదో తరగతి సుతరామూ ఇష్టం లేదు. పర్మిషన్ల తలనొప్పి అనేవాడు. ఆడపిల్లలు ఎలాగూ ఊరికి పోయేవాళ్ళే గదండీ అనేవాడు. అప్పటికి ఆయన కూతురు ఇంకా చిన్న క్లాసులో ఉండేది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, దీనితో పని ఉంది.

ఓటు లేని అమ్మలు ఆ నెలంతా చేసిన ప్రచారం నేనింకెక్కడా చూడలేదు. ఒకరింట్లో ఓళిగలు, ఒకరింట్లో డబుల్ కా మీఠా. తినడానికి వచ్చిన ప్రతి మగమనిషి చేతా పళ్ళెం పట్టుకునే లోపల మాట తీసుకునేవాళ్ళు. "అన్నా, నీకూ ఆడబిడ్డ ఉండాది గదా, చెప్పు, ఎవరికేస్తావు?" అని మా అమ్మ వాకిట్లోనే నిలేసేది. మా పిల్లల ప్రచారం వేరే. బడి గోడ మీద ఖుబ్జు రొట్టె ముక్కలు రెండు పెట్టి, ఇది మేనేజరు, ఇది చాచా అని చెప్పి, కోతి ఏది తీసుకుంటుందో చూసేవాళ్ళం. అది రెండూ తీసుకునిపోయేది. తర్వాత్తర్వాత మనుషులూ అదే చేశారు.

అక్కా చాచా పెద్దమ్మాయీ కలిసి ఓట్ల డబ్బా తయారుచేశారు. రేకు బిస్కెట్ల డబ్బా మూతకు చాచా చేత చీలిక కోయించి, చుట్టూ బంగారు కాగితం అంటించి, రంగు పెన్నుతో చుక్కల ముగ్గు వేశారు. అక్క దాన్ని మంచం పక్కన పెట్టుకుని పడుకునేది. ఒక పొద్దున నాయన సంగటి తింటూ దాన్ని చూసి, ఎడమ చెయ్యి అక్క నెత్తిన పెట్టి అన్నాడు. "నా చీటీ నీదేమ్మా. పో, దిగులు పెట్టుకోవాకు."

అక్క ముఖం నాకింకా కళ్ళకు కట్టినట్టే ఉంది. అందుకే ఇంత కోపం.

ఎన్నికకు ముందు మేనేజరు ఊరవతల గుడారాలు వేయించి మండీ పెట్టించాడు. గొయ్యిలో దించి కాల్చిన గొర్రె మాంసం, దాని కింద కొవ్వు కారి మెరిసే అన్నం. మగవాళ్ళకే పిలుపు. నాయన వెండి కాగితంలో మాకూ ఇంత చుట్టి తెచ్చాడు. మేం కిందామీదా పడి తిన్నాం. అమ్మ ముట్టలేదు. "తినవే, ఎవరిదైతే ఏమి" అన్నాడు నాయన. అమ్మ తన సంగటి పళ్ళెం ముందుకు లాక్కుంది.

ఎన్నిక రోజునే బడి వార్షికోత్సవం కూడా పెట్టారు. కంపెనీ వాళ్ళ కుటుంబాలన్నిటినీ తీసుకుపోవడానికి మేనేజరు కంపెనీ బస్సు పంపాడు. ముందు మగవాళ్ళు, వెనక నల్లటి అబాయాలు తొడుక్కున్న ఆడవాళ్ళు, మధ్యలో మేం పాటలు పాడుకుంటూ వెళ్ళాం. అక్క ఒళ్ళో బంగారు డబ్బా.

ఆడవాళ్ళంతా పైన, ఆడపిల్లల సెక్షన్లో. మగవాళ్ళు కింద, వాకిట్లో, చాచా తన కొట్టునుంచి తెచ్చి పరిచిన తివాచీల మీద. నేనూ అక్కా చాచా పెద్దమ్మాయీ కిటికీ అద్దానికి ముక్కులు ఆనించి నిలబడ్డాం. చాచా డబ్బా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాడు. అప్పుడు మేనేజరు లేచాడు. మొదట ఇంగ్లీషులో, తర్వాత హిందీలో, ఆఖరికి తెలుగులో అదే మాట చెప్పాడు.

"డబ్బాలూ చీటీలూ ఎందుకండీ? మనమంతా ఒక కుటుంబం. కుటుంబంలో దాపరికాలుంటాయా? నన్ను కావాలనుకునేవాళ్ళు నా వెనక, ఆయన్ను కావాలనుకునేవాళ్ళు ఆయన వెనక నిలబడండి. రెండు నిమిషాల్లో అయిపోతుంది. అవతల బిర్యానీ చల్లారిపోతోంది."

చాచా గొంతు పైదాకా వినిపించింది. "గట్లెట్ల సాబ్? పిల్లలు గింత కష్టపడి చేసిన్రు. చీటీలేసుకుందాం."

"మీకు దాచుకోవలసిందేమైనా ఉందా భాయ్?" అన్నాడు మేనేజరు నవ్వుతూ. వాకిట్లో అందరూ నవ్వారు. ఆ నవ్వు! ఎంతమంది మగవాళ్ళు, ఎంత పెద్ద నవ్వు. ఒక్కడైనా, ఒక్కడంటే ఒక్కడైనా, డబ్బా ఉండగా వరసలెందుకని చాచాకు తోడు మాట్లాడలేదు. సంతలో గొర్రెల్ని విడదీసినట్టు తమను విడదీస్తుంటే నవ్వుతూ లేచి నిలబడ్డారు.

మొదట చాచా వెనక్కి బయటివాళ్ళు వెళ్ళారు. ఆస్పత్రి నర్సుల భర్తలు ఇద్దరు, ఒక తమిళాయన, కర్రీ హోటలు నడిపే ఆయన, ఇంకా కంపెనీతో పని లేనివాళ్ళంతా. కంపెనీ వాళ్ళు బస్సులో ఏ వరసలో కూర్చున్నారో అదే వరసలో మేనేజరు వెనక చేరారు. ఓళిగలు తిన్నవాళ్ళు, డబుల్ కా మీఠా తిన్నవాళ్ళు, మా అమ్మకు మాటిచ్చినవాళ్ళు.

నాయన మధ్యలో ఉండిపోయాడు. వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు.

"కట్టుకుని వస్తాడు సూడు" అంది అక్క. అద్దం మీద తన ఊపిరి మబ్బులా పడుతుంటే చున్నీతో తుడిచి తుడిచి చూస్తోంది. "ఇటే వస్తాడు."

నాయన లేచాడు. ఒకసారి పైకి, మా కిటికీ వైపు చూశాడు. తర్వాత నడిచి వెళ్ళి మేనేజరు వరస చివర, ఒక పొడుగాటి మనిషి వీపు వెనక, కనబడకుండా నిలబడ్డాడు. మాకు మాత్రం కనబడుతూనే ఉన్నాడు.

అక్క ఏడవలేదు. చున్నీ భుజాన వేసుకుని తన బెంచీ దగ్గరికి వెళ్ళి, డెస్కులో మిగిలిన పుస్తకాలన్నీ సంచీలో సర్దుకుంది. ఏడాది ఇంకా పూర్తి కాలేదే అని నేనంటే, "గమ్మునుండు" అంది.

చాచా కొద్ది తేడాతోనే ఓడిపోయాడు. జిజాన్ నుంచి తెప్పించిన మల్లెదండలు మేనేజరు మెడలో పడ్డాయి. అక్కడి మల్లెలకు మన మల్లెల వాసనే. ఆ వాసన నాకు ఇవాళ్టికీ పడదు. చాచా తన తివాచీలు తానే చుట్టుకుంటూ కనిపించాడు. డబ్బా బల్ల కింద పడి ఉంటే అమ్మ వెళ్ళి తెచ్చుకుంది. మగవాళ్ళ మధ్యలోంచి, తల మీది ముసుగు కూడా సవరించుకోకుండా, తల ఎత్తుకుని వెళ్ళి తెచ్చుకుంది.

బస్సు దగ్గర అందరూ ఎక్కారు. నాయన ముందే ఎక్కి కూర్చున్నాడు. అమ్మ మెట్టు మీద కాలు పెట్టలేదు.

"బాజీ, బైఠో" అన్నాడు పాకిస్తానీ డ్రైవరు.

"మేం నడిచొస్తాం" అంది అమ్మ తెలుగులోనే. మా ఇద్దరి చేతులూ పట్టుకుని కొండ దిగడం మొదలుపెట్టింది.

మబ్బు దట్టంగా దిగింది. గోడ మీద కోతులు మమ్మల్ని చూస్తూ తల తిప్పాయి. కాసేపటికి వెనకనుంచి బస్సు లైట్లు వచ్చాయి. మేం పక్కకు జరిగాం. కిటికీలో నాయన ముఖం. నేను చెయ్యి ఊపబోతే అక్క నా చెయ్యి కిందికి లాగింది. బస్సు ఆగలేదు. మమ్మల్ని దాటి పోయింది.

మేం ఇల్లు చేరేసరికి నాయన టీ కాచి ఉంచాడు. అమ్మ తాగలేదు. అడక్కుండానే నాయన చెప్పుకున్నాడు. "బస్సు వాళ్ళది. తిరిగొచ్చేది అందులోనే గదా. నేను యాడికి పోదును?"

ఆయన భయం నాకు తెలియనిది కాదు. మా నలుగురి ఇఖామాలూ ఆ మేనేజరు సంతకం మీదే నడిచేవి. చీటీ మీద అయితే నాయన చాచాకే వేసేవాడు, అది కూడా తెలుసు. ఆ మేనేజరుకు నాకంటే బాగా తెలుసు, అందుకే చీటీ లేకుండా చేశాడు. అర్థమైంది కదా అని కోపం పోతుందా? పోదు. నాకైతే పోలేదు.

అక్క ఇంట్లో ఉండిపోయింది. ఎదురు మేడ కిటికీలాగే మా కిటికీకీ తెర పడింది. కొన్నేళ్ళకు మేనేజరు కూతురు ఎనిమిదికి వచ్చింది. చెప్పానుగా, పని ఉందని. పర్మిషన్ల తలనొప్పి ఏమైందో, ఆ వేసవిలోనే ఆడపిల్లల తొమ్మిది తెరుచుకుంది. రిబ్బను ఆయనే కత్తిరించాడు. ఆడపిల్లల చదువు గురించి ఉపన్యాసం కూడా ఇచ్చాడు, చప్పట్లు కొట్టారు. నేను ఆ తరగతిలోనే చదివాను. అమ్మ ఆ తరగతికే లెక్కలు చెప్పింది. పొద్దున్నే మా ఇద్దరికీ టిఫిను డబ్బాలు కట్టి ఇచ్చేది అక్క. ఒక్కనాడు కూడా ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. బంగారు డబ్బాలో అమ్మ చక్కెర పోసి చూసింది, చీలికలోంచి చీమలు పట్టాయి. తర్వాత అక్క అందులో తలపిన్నులు వేసుకుంది.

ఇప్పుడు అక్క కడపలో కాపురం, పిల్లలు, అంతా బాగానే ఉంది. బాగానే ఉందని అందరూ అంటారు. పిల్లల ఫారాల్లో తల్లి చదువు అని ఉన్నచోట ఆమె ఎనిమిది అని రాస్తుంది. నేను పక్కన ఉంటే ఆ గడి చేత్తో మూసి రాస్తుంది.

అదీ సంగతి. నిన్న కారులో నాయన మళ్ళీ అడిగాడు.

"ఎవరికేసినావో చెప్పవా?"

"చెప్పను నాయనా. చెప్పాల్సిన పనే లేదు ఇప్పుడు."

లబన్ సీసా మీద చెమ్మను బొటనవేలితో తుడుస్తూ ఉండిపోయాడు. "ఆ పొద్దు గూడా ఇట్లా ఉండుంటే..." అన్నాడు మెల్లగా. ఇన్నేళ్ళలో ఆయన ఆ రోజు ఊసెత్తడం అదే మొదటిసారి.

"ఆ పొద్దు డబ్బా ఉణ్ణింది నాయనా. అక్క చేసింది."

"ఉణ్ణింది. కానీ బస్సు వాళ్ళది గదా పాపా..."

మళ్ళీ బస్సు. జుట్టంతా తెల్లబడింది, మేనేజరు ఎక్కడున్నాడో తెలియదు, ఆ కంపెనీయే లేదు. ఈయన మాత్రం ఇంకా ఆ బస్సు దిగలేదు.

"మేం నడిచే వచ్చినాం గదా నాయనా" అన్నాను. గొంతు పెద్దదే అయ్యుంటుంది. గేటు దగ్గర ఎవరో తిరిగి చూశారు.

గంట కొట్టారు. మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి వెనక సీట్లో పడి, "తాతా, లబన్!" అని చెయ్యి చాచింది. ఆయన సీసా ఇచ్చాడు. నేను కారు తీశాను. దారంతా అది బడి కబుర్లు చెబుతూనే ఉంది, మేమిద్దరం ఊకొట్టాం.

మా వీధి మలుపులో నాయన తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. "ఆపు పాపా. ఈడినుంచి నడిచొస్తా."

ఆ ఎండలో ఎక్కడికని అనాలి. అనలేదు. ఆపాను. దిగాడు. తల మీద తుండు వేసుకుని, గోడ నీడ ఉన్నంతమేరా నీడలో, లేనిచోట ఎండలో, మెల్లగా నడవసాగాడు.

"తాత ఎందుకు నడుస్తున్నాడమ్మా?" అంది మా అమ్మాయి.

వెనకనుంచి హారన్లు కొట్టారు, కొట్టుకోనిచ్చాను. ఆయన్ను పిలిచి ఎక్కించుకోలేదు, నా కోపం అంత తొందరగా చల్లారేది కాదు. కానీ ఇల్లు వచ్చేదాకా నా కారును ఆయన వెనకే నడిపాను, ఒక్క అడుగు కూడా ఆయన్ను దాటి పోనివ్వలేదు.